నేను నవ్విన జడ్జి

తనను వెక్కిరించే సినిమాకి తానే టికెట్టు కొనుక్కుని వెళ్లి, హాల్లో అందరికన్నా పెద్దగా నవ్వి, బయటికొచ్చి "తప్పకుండా చూడండి" అని కనబడిన ప్రతి మనిషికీ చెప్పినవాడు రాజాంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణి నేనే. సినిమా తీసినవాళ్లకి నేనెవరో తెలియదు. నన్ను చూసి తీసుంటే కనీసం గర్వపడేవాణ్ణి. చూడకుండానే అంత బాగా కుదరడమే అవమానం.

సంగతి అర్థం కావాలంటే ముందు నా కన్నీళ్ల గురించి చెప్పాలి. మా నాన్నగారు విజయనగరంలో వయొలిన్ వాయించేవారు. ఆయన వేళ్లు నాకు రాలేదు, చెవులు మాత్రం వచ్చాయి. ఆ చెవులకీ నా కళ్లకీ మధ్య ఎక్కడో గొట్టం కారుతుంది. ఎవరైనా కాస్త శ్రుతిలో పాడితే చాలు, కళ్లు నిండిపోతాయి. నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైనా, ఊరు మాత్రం నాన్నగారి పేరు మీద నన్ను సంగీతం తెలిసినవాణ్ణి చేసేసింది. వినాయక చవితి పందిట్లో పిల్లల పాటల పోటీకి పద్నాలుగేళ్లుగా నేనే జడ్జిని. మోకాలి మీద తెల్ల తువ్వాలు మడత పెట్టుకుని కూర్చుంటాను. కళ్లద్దాలు తీసి, పల్లవికి ఒక కన్ను, చరణానికి రెండో కన్ను తుడుచుకుంటాను. అందరికీ పదికి తొమ్మిదిన్నర వేస్తాను. మిగిలిన అర మార్కు సరస్వతీదేవిదని మైకులో చెబుతాను. మరి ఫస్టు ప్రైజు ఎవరికంటారా? దానికి చీటీలు తీస్తారు. ఆ ఒక్క సాయంత్రం కోసం నేను ఏడాదంతా బతుకుతానని మా ఆవిడ అంటుంది. అబద్ధమేం కాదు.

ఆ పందిరి కమిటీకి పెద్ద మా బావమరిది. వడ్ల వ్యాపారి. వార్డు ఎన్నికల్లో రెండుసార్లు నిలబడ్డాడు. కూర్చోవడానికి ఇంకా కుర్చీ దొరకలేదు. ఏటా పోటీ మొదలయ్యే ముందు పక్కన హార్మోనియం పెట్టించుకుని ఒక నాటక పద్యం పాడతాడు. పద్యం చివర తీసే రాగం వడ్ల లారీలాంటిది, ఎవరికీ దారివ్వదు. దానికీ నాకు కన్నీళ్లొచ్చేవి. ఎందుకొచ్చేవో నా చెవులనే అడగాలి. "మా బావ కళ్లమ్మట నీళ్లెట్టించేను" అని అతను ఏడాది పొడుగునా చెప్పుకునేవాడు.

ఒక ఆదివారం ఆ సినిమా మ్యాట్నీకి నేను, మా ఆవిడ, బావమరిది కలిసి వెళ్లాం. కథ ఏమిటంటే, ఎన్నికల్లో డిపాజిట్టు పోగొట్టుకున్న ఒక నాయకుడు, జనం టీవీ పోటీలకైతే మానకుండా ఓటేస్తారని తెలుసుకుని పాటల పోటీలో చేరతాడు. కార్యకర్తలు తలా నాలుగు సిమ్ములు కొని ఓట్లు గుద్దుతారు. పోనుపోను అసెంబ్లీలో మంత్రులు మార్కుల అట్టలెత్తి చూపిస్తుంటే, టీవీలో జడ్జీలు వాకౌట్ చేస్తుంటారు. ఆ జడ్జీలు ముగ్గురు. ఒకడు తిడతాడు. ఒకావిడ ఇంగ్లీషులో మెచ్చుకుంటుంది. మూడోవాడు ఏడుస్తాడు. పాట మొదలవకముందే ఎర్ర తువ్వాలొకటి తీసి మోకాలి మీద పరుచుకుంటాడు. అందరికీ తొమ్మిది మార్కులేస్తాడు. పదోది దేవుడిదంటాడు.

కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాను. మా ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. ఆనందం పంచుకుంటోందనుకున్నాను.

ఇంటర్వెల్లో సమోసా తింటూ బావమరిది తీర్పు చెప్పాడు. "టీవీవోళ్ల బండారం బాగా బయటెట్టేడు బావా. ఆ ఎలచ్చన్ల గొడవే అతికినట్టు నేదు. నాయకులు మరీ అంత గోరంగా ఉంటారేటి?"

మా ఆవిడ ఆదివారం రాత్రి పాటల కార్యక్రమం వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగినా లేవదు. "రాజకీయాలు ఉన్నదున్నట్టు చూపించాడు. పాపం ఆ పాటల పోటీ మీద పడ్డాడెందుకో. వాళ్లేం చేశారని?" అంది.

నా మాట విని సినిమాకెళ్లిన మందుల షాపాయన మర్నాడే ఎదురుపడ్డాడు. "అంతా నిజమేనండి మాస్టారూ. ఆ నాయకుడికి గొంతు మందని రంగునీళ్లు అంటగట్టిన సీనొక్కటే తీసీసుంటే బాగున్ను. మేం అలాగ అమ్మం." రిటైరైన హెడ్మాస్టరుగారికి సినిమా అంతా నచ్చింది, నాయకుడు స్కూలు పిల్లల్ని ఎండలో నిలబెట్టి చప్పట్లు కొట్టించిన ముక్క తప్ప. అది అతిశయోక్తి అలంకారమని తేల్చారు. నలుగురైదుగురి అభిప్రాయాలు విన్నాక నాకొక సూత్రం దొరికింది. ఈ సినిమా అందరికీ నిజమే, ఎవరి ముక్క దగ్గర వాళ్లకే అబద్ధం. ఈ సూత్రం కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎందుకంటే, నాకు సినిమాలో ఒక్క ముక్క మీదా అభ్యంతరం లేదు. నేను నిష్పక్షపాతినన్నమాట! ముఖ్యంగా ఆ ఏడుపు జడ్జి కోసమైనా చూడాలని మరో పదిమందికి చెప్పాను. వాళ్లంతా చూసొచ్చి నాకేసి ఎంతో ప్రేమగా నవ్వేవారు. మంచి సినిమా చూపించినందుకు కృతజ్ఞత అనుకున్నాను.

నా నిష్పక్షపాతం నిలిచింది సరిగ్గా వారం రోజులు. బస్టాండు దగ్గర టిఫిన్ల కొట్టు నడిపే ఆవిడ నాకు ఇడ్లీలు కడుతూ, చుట్టూ నలుగురుండగా అంది:

"మాస్టారూ, సినిమా సూసినానండి. మిమ్మల్ని ఎంత బాగా సూపించాడండీ! తువ్వాలొకటే తేడా. ఆడిది ఎరుపు, మీది తెలుపు."

"నన్నా? నన్నెక్కడ చూపించాడమ్మా?"

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఓలమ్మో! మీకు తెలీదేటి? ఊరంతా మిమ్మల్ని సూడ్డానికే కదా ఎల్తన్నాది!"

ఇంటికొచ్చి ఇడ్లీలు బల్ల మీద పెట్టి, మా ఆవిణ్ణి అడిగాను. నీకెప్పుడు తెలిసిందని.

"హాల్లోనే. చెబుదామని చెయ్యి కూడా వేశాను. మీరంత సంతోషంగా నవ్వుతున్నారు. ఎలా చెప్పను?"

"మీ తమ్ముడికో?"

"వాడికీ హాల్లోనే. బయటికొచ్చి మీరొక పదిమందికి చెబితే వాడొక వందమందికి చెప్పాడు, మా బావని చూడాలంటే టికెట్టు కొనుక్కోండని."

అప్పటికి చవితికి మూడు వారాలే ఉంది. పిల్లలు గెలిచినా ఓడినా నాకు పర్వాలేదు. ఈ ఏడు ఆ కుర్చీ నాది కాకపోతేనే పర్వా. కమిటీలో కొందరు విజయనగరం నుంచి కొత్త జడ్జిని పిలుద్దామంటున్నారని తెలిసింది. రెండు రోజులు అన్నం సరిగ్గా దిగలేదు. మూడో రోజు బావమరిదే ఇంటికొచ్చాడు. కాఫీ తాగేదాకా వడ్ల తేమ గురించి మాట్లాడి, గ్లాసు కింద పెట్టాక అసలు మాట తీశాడు.

"బావా, కుర్సీ నీదే. నాను మాటిచ్చేసేను. కానీ ఈ ఏడు నువ్వు ఏడవకూడదు. జనం నవ్వుతారు. వార్డు ఎలచ్చన్లు దగ్గరకొచ్చేయి, నవ్వులపాలైతే నానూ పోతాను."

"నా చేతిలో ఉందేమిట్రా?"

"ఆపుకో. తువ్వాలు ఇంటికాడ ఒగ్గేసి రా. సాలు."

సరేనన్నాను. కుర్చీ కోసం ఎవరేం ఒప్పుకుంటారో ఆ సినిమాలోనే చూశాను కదా.

పోటీ సాయంత్రం తువ్వాలు లేని మోకాలు చూసుకుంటే నాకే కొత్తగా ఉంది. పందిట్లో నలుగురైదుగురు నాకేసి చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. బావమరిది కొత్త చొక్కాతో మైకు ముందుకొచ్చాడు. హార్మోనియం మొదలైంది. పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం ముగించి నాకేసి చూశాడు. నేను నిటారుగా కూర్చున్నాను. రెండో పాదంలో గొంతు పెంచాడు. నా కళ్లు అలవాటుగా నిండబోయాయి. ఎర్ర తువ్వాలు తలుచుకుని మింగేశాను. ఇక చివరి రాగం ఆపడే! సగంలో ఒకసారి, చివర్లో ఒకసారి నా కళ్లకేసి చూశాడు. వాటిలో చుక్క లేదు. చప్పట్లు కొట్టాను, పద్ధతిగా.

తర్వాత పోటీలో మొదటి పేరు పిలిచారు. నెల్లిమర్లలో అమ్మమ్మ దగ్గర పెరిగి ఈ ఏడే మా ఊరి బడిలో చేరిన పాప. మైకు అందక మునివేళ్ల మీద నిలబడి, హార్మోనియం లేకుండా, నాట్లేసేటప్పుడు పాడుకునే పాట ఎత్తుకుంది. నేను నిజంగానే ఆపుకోబోయాను. మాటిచ్చాను కదా. పల్లవి దాకా ఆగాను. చరణంలో ఆ పాప ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, అదే శ్రుతిలో మళ్లీ అందుకుంది. అంతే. తువ్వాలు లేదు కాబట్టి చొక్కా అంచుతోనే తుడుచుకున్నాను, రెండు కళ్లూ ఒకేసారి. జనం నవ్వలేదు. ముందు వరసలో టిఫిన్ల కొట్టావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

పోటీ అయ్యాక అందరూ ప్రసాదం దగ్గరికెళ్లారు. బావమరిది నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు. కాసేపు తన మెళ్లోని పూలదండ రేకులు పీకాడు.

"బావా, నా పద్యం ఎలగున్నాది?"

"బాగుంది."

"మరి ఏడవనేదేటి?"

"నువ్వే కదరా ఆపుకోమన్నావు. ఆపుకున్నాను."

"మరి ఆ గుంట పాడినప్పుడో?"

"ఆపుకోలేకపోయాను."

అతను ఆ రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "పోనీ, మార్కులెన్నేస్తావు నాకు?"

"తొమ్మిదిన్నర."

"అందరికీ అదే కదేటి బావా! మార్కులెవుడికి కావాలి?" అంటూ వంగి నా మొహంలోకి చూశాడు, ఇప్పుడైనా ఏమైనా కనబడుతుందేమోనని.

నేను కళ్లద్దాలు తీశాను. అతని మొహం ఒక్కసారి వెలిగింది. అద్దాలు మాత్రమే చొక్కా అంచుతో నిదానంగా, రెండువైపులా తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను.