మనది కాని రిబ్బన్

అడవిలో చెట్టుకొమ్మకు ప్లాస్టిక్ రిబ్బన్ కట్టి వదిలేయడం చెత్త పారేయడమా కాదా అని నేనూ, ఆఫీసులో నా పక్క క్యూబ్‌లో కూర్చునే ఆవిడా ఒక లంచ్ టైమంతా వాదించుకున్నాం. అప్పటికి మేం కొండల మధ్య ఉన్న బెంటన్‌విల్ అనే ఊరికి వచ్చి రెండేళ్లయింది. ఆవిడది నా వయసే. పుట్టిందీ పెరిగిందీ ఆ కొండల్లోనే. నవంబర్ వస్తే వాళ్ల నాన్నతో కలిసి జింకల వేటకు వెళ్లేది. సోమవారం మధ్యాహ్నం నేను సాంబారు డబ్బా తెరిస్తే ముక్కు చిట్లించే మనిషి, జింకను కోసిన సంగతి మాత్రం టమాటా తరిగినట్టు చెప్పేది.

ఆవిడ చెప్పిందేమిటంటే, దెబ్బ తిన్న జింక వెంటనే పడిపోదు, చాలా దూరం పరిగెడుతుంది. వేటగాడు కాసేపు ఆగి, రక్తపు చుక్కలు వెతుక్కుంటూ వెనకాల వెళ్తాడు. చుక్క కనిపించిన ప్రతిచోటా పక్క కొమ్మకు ఒక నారింజ రంగు రిబ్బన్ కడతాడు. దారి తప్పితే వెనక్కి తిరిగి చూస్తే చాలు, రిబ్బన్ల వరసే జింక ఎటు వెళ్లిందో చెబుతుంది. పని అయిపోయాక ఎవరి రిబ్బన్లు వాళ్లే తీసుకుపోవాలి. ఇంకొకరి రిబ్బన్ కనిపిస్తే ముట్టుకోకూడదు. వెంబడించకూడదు. తప్పనిసరై ఆ వైపే వెళ్లాల్సివస్తే ఆ వరస మీద కాదు, పక్కగా నడవాలి, కింద ఉన్న చుక్కలు చెరిగిపోకుండా.

"తీసుకుపోకుండా మర్చిపోతే?" అన్నాను.

మర్చిపోరు అంది. మనుషులు మర్చిపోని వస్తువంటూ ఉందా అని నేనన్నాను. ఇంకా తీసి ఉండకపోతే ఇంకా వెతుకుతున్నట్టే లెక్క, అంది. ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చకపోయినా గుర్తుండిపోయింది.

ఆ ఏడాదే మా అత్తగారు ఆరు నెలల కోసం వచ్చారు. మామగారు మోకాళ్ల నొప్పులని అమలాపురంలోనే ఉండిపోయారు. కార్తీకమాసం వచ్చింది. ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ కలిసి వనభోజనాలకు వెళ్లాలనుకున్నాం. వనభోజనాలకు వనం కావాలి కదా, చెరువు పక్కన పార్కులో పైకప్పున్న షెల్టర్ ఒకటి బుక్ చేశారు. కార్తీకం నవంబర్లో వస్తుందనీ, తుపాకులతో వేటాడే సీజనూ నవంబర్లోనే వస్తుందనీ, ఆ పార్కు వెనక అడవిలో వేటకు అనుమతి ఉందనీ మీటింగులో చెప్పింది నేనొక్కదాన్నే. నువ్వు ప్రతిదానికీ అడ్డం చెబుతావని అందరూ నవ్వారు. నేను వెళ్లి మా ఇంటిల్లిపాదికీ నారింజ రంగు వెస్టులు కొనుక్కొచ్చాను.

మా అత్తగారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

"రోడ్లూడ్చేవాళ్ల చొక్కా నాకెందుకే?"

"అడవిలో కనిపించడానికి, అత్తయ్యా."

"ఎవరికి?"

"తుపాకీ పట్టుకున్నవాళ్లకి."

"వాళ్లకి నేను కనిపించకుండా ఉంటేనే మంచిది కదా," అన్నారు. దానికి జవాబు చెబుదామని నోరు తెరిచేలోపు ఆవిడ తెల్ల జరీ చీర మీద గోధుమరంగు శాలువా కప్పుకుని కార్లో కూర్చున్నారు. జింక ఒళ్లు గోధుమరంగు, తోక కింద తెలుపు. ఆ సీజన్లో వేటగాళ్లు తెల్ల జేబురుమాలు కూడా బయటికి తీయరని నా పక్క క్యూబ్ ఆవిడ చెప్పింది. ఇంకోసారి చెప్పి చూశాను. కార్తీకమాసంలో కొత్త చీర మీద ప్లాస్టిక్ వేసుకోమంటావా అని ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయారు.

అక్కడ ఉసిరిచెట్టు ఎక్కడిది? ఎవరో డల్లాస్ నుంచి ఫ్రోజెన్ ఉసిరికాయలు తెప్పిస్తే, వాటిని పళ్లెంలో పెట్టి ఒక ఓక్ చెట్టు మొదట్లో ఉంచి దీపాలు వెలిగించారు. మా అత్తగారు ఆ ఏర్పాటు చూసి పెదవి విరిచారు. చెట్టు లేనప్పుడు కాయలెందుకు, కాయలు గడ్డకట్టినప్పుడు దీపమెందుకు అన్నారు. అన్నాళ్లలో మా ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. పులిహోర, గుత్తివంకాయ, మజ్జిగపులుసు అల్యూమినియం ట్రేలలో వచ్చాయి. తిన్నాం. తంబోలా మొదలైంది. నేను నంబర్లు చదువుతున్నాను. ఎప్పుడో తలెత్తి చూస్తే ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది.

రెస్ట్‌రూములో చూశాం, కార్లో చూశాం, చెరువు గట్టున చూశాం. కుంకుమ భరిణె, అక్షింతల పొట్లం, ఒక ప్రమిద ఆవిడతోపాటే వెళ్లాయి. అంటే సరైన చెట్టు కోసం వెళ్లారు. సాయంత్రమవుతోంది. జింకలు మేతకు కదిలేదీ, వేటగాళ్లు వాటికోసం కాచుకుని కూర్చునేదీ ఆ వేళప్పుడే. ఆవిడ చేతిలో ఫోన్ లేదు. ఒంటి మీద గోధుమరంగు శాలువా ఉంది. మిగతావాళ్లను చెరువు వైపు వెతకమని చెప్పి, నేనూ మా ఆయనా అడవిలోకి నడిచాం.

ఆకులన్నీ రాలిపోయిన అడవి. ఎంత దూరమైనా కనిపిస్తుంది, కనిపించడానికి మాత్రం ఏమీ ఉండదు. మా ఆయన "అమ్మా" అని పిలిచాడు. పిలుపు తిరిగి రాలేదు.

మొదటి రిబ్బన్ నాకే కనిపించింది. నారింజ రంగుది, భుజమెత్తు కొమ్మకు. దాని కింద చెట్టు బెరడు మీద కుంకుమ బొట్టు, వేర్ల దగ్గర నాలుగు అక్షింతలు. మా ఆయన ముఖం వెలిగింది. అమ్మ దారి తెలియడానికి పెట్టుకుంటూ వెళ్లింది అన్నాడు. కాదని నాకు వెంటనే తెలిసింది. మన వైపు చెట్టుకు గుడ్డపీలిక కట్టి ఉంటే ఎవరిదో మొక్కు అని అర్థం. ఆవిడ కూడా అలాగే అనుకున్నారు. ఈ దేశంలోనూ చెట్లకు ముడుపులు కట్టేవాళ్లున్నారని మురిసిపోయి, ఒక్కొక్క చెట్టుకూ బొట్టు పెడుతూ వెళ్లారు.

వంగి చూశాను. రాలిన ఆకు మీద, కుంకుమకు జానెడు దూరంలో, ఇంకొక ఎరుపు ఉంది. ఎండిపోయి నల్లబడుతున్న ఎరుపు. మా ఆయనకు చెప్పలేదు. పక్కగా నడువు, దాని మీద నడవకు అని మాత్రం అన్నాను. ఇప్పుడు కూడా రూల్సా అన్నాడు.

రిబ్బన్ తర్వాత రిబ్బన్, బొట్టు తర్వాత బొట్టు. మొదట్లో దూరం దూరంగా ఉన్నవి రానురాను దగ్గరయ్యాయి. జింక అడుగులు చిన్నవవుతున్నాయన్నమాట. ఒకచోట నాలుగైదు రిబ్బన్లు గుంపుగా, తలా ఒక వైపు కొమ్మలకు కట్టి ఉన్నాయి. అక్కడ చుక్కలు పోయాయి. వేటగాడు చుట్టూ తిరిగి తిరిగి, పొద్దు గూకి, వదిలేసి వెళ్లి ఉంటాడు. అన్నిటికీ బొట్లున్నాయి. ఆ తర్వాత రిబ్బన్ లేదు.

బొట్లు మాత్రం ఆగలేదు. ఏ గుర్తూ లేని చెట్టు మీద కుంకుమ. ఇంకొంచెం లోపల మరో చెట్టు మీద కుంకుమ. వేటగాడికి దొరకని దారిలో మా అత్తగారు తిన్నగా నడుచుకుంటూ వెళ్లిపోయారు. నా మెడ వెనక చల్లగా తగిలింది. గాలి లేదు.

మా ఆయన మళ్లీ పిలవబోయాడు.

"అరవకురా," అని పక్కనుంచి వినిపించింది.

పల్లంలో ఒక చెట్టు కింద ఆవిడ కూర్చుని ఉన్నారు. ఆకు లేని ఆ చెట్టు నిండా చిన్న చిన్న నారింజ రంగు పండ్లు. ప్రమిద వెలుగుతోంది. ప్రమిదకు అవతల కొమ్ముల జింక పడి ఉంది.

"తుమికి చెట్టు దొరికిందే. ఉసిరి కాకపోతే పోయింది," అన్నారు నాతో. మార్కెట్లో వంకాయలు దొరికినట్టే చెప్పారు. ఆవిడ ఒంటి మీద దెబ్బ లేదని పైనుంచి కిందిదాకా చూసుకున్నాను. తిట్టడానికి మాటలు వెతుక్కున్నాను.

"ఇంత దూరం ఎందుకొచ్చారు అత్తయ్యా? గుడ్డలు కట్టిన చెట్లు అక్కడే అయిపోయాయిగా?"

"ఇదే తీసుకొచ్చింది," అని జింకను చూపించారు. "ముందు నడిచింది. నేను బొట్టు పెట్టేదాకా ఆగేది. పెట్టాక కదిలేది."

"ఇది చచ్చిపోయి ఉంది."

"ఇప్పుడు, అవును."

మా ఆయన దాని కాలును బూటు కొనతో కదిపాడు. కొయ్యలా ఉంది. కళ్ల మీద బూడిదరంగు పొర. ఒంటి నిండా రాలిన ఆకులు, ఒకదాని మీద ఒకటి. ముందురోజే పడిపోయిన జంతువు అది. ఇంకోటేదో చూసి ఉంటావమ్మా అన్నాడు మెల్లగా. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"అవతలి కొమ్ము విరిగి ఉంటుంది. చూసుకో."

అవతలి కొమ్ము నేలలోకి, ఆకుల్లోకి దిగిపోయి ఉంది. మా ఆయన రెండు చేతులతో తల ఎత్తితే తప్ప కనిపించలేదు. మొదట్లోనే విరిగిపోయి ఉంది.

చచ్చినదాన్ని ముట్టుకుంటే తలస్నానం చేసే మనిషి ఆవిడ. పూజ మధ్యలో ముట్టుకోరు. ఈ మాట నేను తర్వాత చాలామందితో వాదించాను. ఆ క్షణంలో వాదించలేదు. నా వెస్ట్ విప్పి ఆవిడ శాలువా మీద తొడిగాను. చేతులు పైకెత్తి, చిన్నపిల్లలా తొడిగించుకున్నారు.

తిరుగుదారిలో నేను రిబ్బన్ల వరస వెంటే తిన్నగా పోదామన్నాను, చీకటి పడుతోందని. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"దాని దారి తొక్కకూడదు. పక్కగా పద."

ఆ నియమం ఆవిడకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఇంట్లో ఆఫీసు మాటలు చెప్పడం నాకు అలవాటు లేదు. పక్కకు తప్పుకుని, బండరాళ్ల చాటున వంగి వంగి నడిచాం. కాసేపటికి తుపాకీ పేలింది. మేం వదిలేసిన వరస వైపునుంచే. ఒక్కసారే. ఎంత దూరంలోనో నాకు తెలియదు, అడవిలో శబ్దం దూరం చెప్పదు. మా ఆయన తల్లిని వాటేసుకుని నిలబడిపోయాడు. వెస్ట్ లేనిది నా ఒక్కదానికే. ఆవిడ కొడుకు చేతుల్లోంచి బయటికి వచ్చి, నాకు అడ్డుగా ముందు నడిచారు, షెల్టర్ దీపాలు కనిపించేదాకా.

సోమవారం నా పక్క క్యూబ్ ఆవిడకు చెప్పాను. ఇంకో జింకే అయి ఉంటుంది, ఆ పండ్లంటే వాటికి ప్రాణం, రోజూ ఆ దారినే పోతాయి అంది. కొమ్ము సంగతి అడిగాను. మీ అత్తగారు ముందే తల ఎత్తి చూసి ఉంటారు అంది. ముట్టుకోరని చెప్పాను. ఆ సంగతి వదిలేసి ఆవిడ, ఆ రిబ్బన్లు కట్టినవాడు తప్పకుండా మళ్లీ వస్తాడు, ఆ ఎరుపు బొట్లు చూసి ఏమనుకుంటాడో మరి అంది. మనిషి భుజమెత్తున చెట్టు మీద ఏ జింకా రక్తం కార్చదు కదా. జింక దొరికితే తన రిబ్బన్లన్నీ విప్పుకుపోతాడు అని కూడా అంది. ఒక్కటీ వదలడు.

ప్రమిద అక్కడే ఉండిపోయిందని మా అత్తగారు వారమంతా సణిగారు. దానికోసం మళ్లీ వెళ్లొద్దన్నాను. ఒంటరిగా వెళ్తానన్నారు. వెళ్లగలరని నాకిప్పుడు తెలుసు. ఆదివారం మిట్టమధ్యాహ్నం ముగ్గురం వెస్టులు వేసుకుని వెళ్లాం. ఆవిడ తనది తనే వేసుకున్నారు.

మొదటి చెట్టుకు రిబ్బన్ లేదు. రెండోదానికీ లేదు. గుంపుగా ఉన్నచోట కూడా అన్నీ విప్పేసి ఉన్నాయి. వచ్చాడు, దొరికింది, తీసుకుపోయాడు అనుకుని నేను తేలికపడ్డాను. తర్వాత, ఇంతకుముందు ఏ గుర్తూ లేని చెట్టుకు, బెరడు పగుళ్లలో కుంకుమ ఇంకా ఎర్రగా మిగిలిన చోట, కొత్త రిబ్బన్ కనిపించింది. తర్వాతి చెట్టుకూ ఉంది. తుమికి చెట్టు దాకా, ఆవిడ బొట్టు పెట్టిన ప్రతి చెట్టుకూ ఉంది. జింక లేదు. ప్రమిద బోర్లించి పెట్టి ఉంది.

"తనవి తీసేసుకుని ఇవెందుకు వదిలేశాడు?" అన్నాడు మా ఆయన.

"ఇవి నావి," అన్నారు మా అత్తగారు. అదేమంత పెద్ద ప్రశ్న కాదన్నట్టు. ఒక్కొక్కటే ముడి విప్పి, మడిచి, సంచిలో వేసుకున్నారు. నేను పక్కన నడుస్తూ కొమ్మలు వంచి పట్టుకున్నాను. ఆఖరిది తుమికి చెట్టుది. అది విప్పి, ప్రమిద తీసుకుని, వెనుదిరగబోతూ ఆగిపోయారు.

పల్లానికి అవతల, మేమెవరం వెళ్లని వైపు, ఒక సన్నటి చెట్టుకు ఇంకో రిబ్బన్ ఉంది. గాలి లేకపోయినా కొస కదులుతోంది. దాని వెనక, లోపలికి, మరొకటి.

"అక్కడ నేను బొట్టు పెట్టలేదు," అన్నారు ఆవిడ.

అని అటే ఒక అడుగు వేశారు. నేను సంచి పట్టుకున్నాను. ఆవిడ ఆగారు కానీ ఇటు తిరగలేదు. ఏదో వింటున్నట్టు తల కొంచెం వంచారు. మా ఆయన పిలవడానికి నోరు తెరిచాడు. వద్దని సైగ చేశాను.

"అత్తయ్యా," అన్నాను, "అది మనది కాదు. ముట్టుకోకూడదు."

వాదిస్తారనుకున్నాను. వాదిస్తే బాగుండుననుకున్నాను, దానికి నా దగ్గర జవాబులున్నాయి. చివరికి ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి నా చేతిని వెతుక్కుంది. చల్లగా ఉంది. పట్టుకున్నాను. మా ఆయన వెనక వస్తుంటే, ఇద్దరం దారికి పక్కగా, ఆకుల్లో ఎక్కడా ఎరుపు తొక్కకుండా చూసుకుంటూ, కారు దాకా నడిచాం. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ రెండుసార్లు చూశారు.