గొంతు తగ్గించి మాట్లాడిన ఇల్లు

అముదాకు మూడేళ్ళ ఎనిమిది నెలలు నిండేనాటికి నోట వచ్చిన మాటలు నాలుగు. ఆ నాలుగింటిలో రెండింటిని మాటలని నమ్మినది కన్నతల్లి కృతిక ఒక్కతే. తక్కినవారికి అవి వట్టి ధ్వనులు. చెవులు పరీక్షించిన వైద్యులు లోపమేమీ లేదన్నారు. పిలిస్తే తల తిప్పుతుంది, నవ్విస్తే నవ్వుతుంది, కావలసిన వస్తువు దగ్గరకు చెయ్యి పట్టుకొని లాక్కుపోతుంది. మాట మాత్రం రాదు. ఆ బిడ్డ మాట చెన్నపట్టణంలో పోయిందా, లేక బిడ్డతోపాటు పుట్టనేలేదా అన్న ఒక్క సంగతి తేల్చుకోవడానికే కృతిక, పడమటి కొండల మీదినుండి ఆడినెల, అంటే ఆషాఢమాసపు, గాలి దిగుతున్న వారంలో, బిడ్డను చంకనెత్తుకొని తన పుట్టినూరు రాజపాళయంలో రైలు దిగింది.

ఆమె పనిచేసే రక్తపరీక్షల కేంద్రంవారు జీతం లేకుండా మూడు నెలలు సెలవిచ్చారు. ఇంటి ఒప్పందం కూడా అక్టోబరు ఒకటవ తేదీతో ముగుస్తుంది. ఆలోగా చెన్నైలోని ఇల్లు నిలుపుకోవాలో వదులుకోవాలో చెప్పాలి. భర్త మహేశ్వరన్ లిఫ్టులు బాగుచేసే పనిలో అక్కడే ఉండిపోయాడు.

నగరం విడిచి వచ్చేవారిని చూసి లోకం ముందుగా ఊహించే కారణం అద్దె. కృతిక విషయంలో అది అబద్ధం కాదు. ఇద్దరి జీతాలలో ఒకటి ఇంటికే చెల్లిపోయేది కనుక ఇద్దరూ పనికి పోక తప్పలేదు. ఇద్దరూ పోతే బిడ్డ పగలంతా పిల్లల్ని చూసుకునే ఒక గదిలో, తక్కిన కాలమంతా సెల్‌ఫోను బొమ్మల ముందు గడపక తప్పలేదు. అయితే ఆ ఇంటికి వారు చెల్లించినది అద్దె ఒక్కటే కాదు.

రాజపాళయంలో తెలుగు అనేకుల భాష. మిల్లులు కట్టించినవారి మేడలలోనూ తెలుగే, ఆ మిల్లులలో నూలు వడికినవారి వీధులలోనూ తెలుగే. ఎవరి తెలుగు ఏ వీధిదో ఊళ్ళో అందరూ ఎరుగుదురు, ఎవరూ అడగరు. పరాయి ఊరిలో అలా కాదు. కృతికవారిది కూలి వీధి తెలుగు. అది చెవిన పడగానే విన్నవారి మనస్సులో ఒక ప్రశ్న పుడుతుంది. ఏడేండ్ల క్రితం కృతికా మహేశ్వరన్లు చెన్నైలో దిగిన మొదటి ఇంట, కృతిక తన తల్లితో ఫోనులో మాట్లాడుతూ ఉండగా ఇంటి యజమానురాలు విన్నది. ఏ ఊరి తెలుగువారని అడిగింది. తరువాత ఏ మనుషులని, అంటే ఏ కులమని, అడిగింది. వారం తిరగకముందే ఆమె అన్నకొడుకు కాపురానికి వస్తున్నాడు, ఇల్లు కావాలని కబురు వచ్చింది. అన్నకొడుకు రాలేదు, ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉందని ఆ వీధి ఇస్త్రీ బండివాడు చెప్పాడు. రెండవ చోట ఇంట్లో ఏ భాష మాట్లాడతారని గుమ్మంలోనే అడిగారు. జవాబు విన్నాక తాళంచెవి చేతికి రాలేదు. మూడవ చోట మహేశ్వరన్ తమిళమని చెప్పాడు. ఇల్లు దొరికింది.

ఆనాటినుండి ఆ ఇంట ఒక నియమం ఏర్పడింది. గుమ్మం బయట తెలుగు లేదు. అముదా పుట్టిన తరువాత గుమ్మం లోపల కూడా లేదు. పసినోరు గనుక ఎప్పుడో మెట్ల మీద నోరు జారుతుందని భయం. బిడ్డతో తమిళం, బడి కోసమని నాలుగు ఇంగ్లీషు మాటలు. అవి కూడా ఎలాంటి మాటలు? తిను, కూర్చో, రా, ఏడవకు. ఇద్దరూ అలసి వచ్చేవారు. ఆజ్ఞకు మించిన మాట ఆ పసిచెవిలో పడినది తక్కువ. భార్యాభర్తలు తమ బాధలు చెప్పుకునేటప్పుడు మాత్రం తెలుగు తానై వచ్చేది. అద్దె పెంచుతారట, మేస్త్రీ కోప్పడ్డాడట, బిడ్డ ఇంకా మాట్లాడలేదే, తప్పు నీదా నాదా. ఇదంతా గోడకు చెవులుంటాయేమోనని గొంతు బాగా తగ్గించి, పళ్ళ మధ్యనుండి చెప్పుకునేవారు. బిడ్డ ఆ ఇద్దరి మధ్యనే పడుకొని పైకప్పు చూస్తూ ఉండేది.

కృతిక తల్లి శంకరియమ్మాళ్ ఆస్పత్రులకు పంపే కట్టుగుడ్డను ఇంటి వద్దనే చుట్టి ఇస్తుంది. పలుచని తెల్లగుడ్డను చిన్న చేతిపిడి యంత్రానికి తగిలించి తిప్పుతూ ఉంటే అది బిగువైన చుట్టగా మారుతుంది. ఆ పని చేతులది. నోటికి పని లేదు. అందువలన ఆమె ఇంటి తిన్నె మీద ఉదయం మొదలు మరో ముగ్గురు స్త్రీలు తమ యంత్రాలు తెచ్చుకొని కూర్చుంటారు. పెండ్లిళ్ళు, పోట్లాటలు, మారియమ్మ కొడ జాతర చందాలు, మిల్లు విశేషాలు, ఎవరిదో వయస్సు మళ్ళిన మేక అన్నీ ఆ తిన్నె మీదనే తీర్పుకు వస్తాయి. బిడ్డ చెవిలో మాట పడాలంటే ఇంతకన్న మంచి చోటు లేదని నమ్మే కృతిక వచ్చింది.

మొదటినాడే అముదా రెండు చెవులూ మూసుకొని తలుపు వెనుక దాగింది. రెండవనాడూ అంతే. అమ్మమ్మ నవ్వుతూ దగ్గరకు తీసినా, తెలుగులో మాట మొదలుపెట్టగానే బిడ్డ భుజాలు బిగుసుకొనేవి. ఎదురింటి పాండియమ్మాళ్ అది తనకు అవమానమనే తలచింది.

“మెడ్రాసు దొరసానికి మన మాట పడలేదు. చెవి మూసుకుంటా ఉండాది చూడు.”

“నీ గొంతు వింటే నేనే మూసుకుంటాను,” అన్నది శంకరియమ్మాళ్ పిడి తిప్పుతూనే. “పసిది ఏం చేసేది?”

తిన్నె నవ్వింది. కృతికకు నవ్వు రాలేదు. చెన్నైలో కనీసం ఈ చెవులు మూసుకోవడం లేదు. బిడ్డను తెచ్చి తానే మరింత చెడగొట్టానేమోనన్న తలపు ఆమెను అన్నం ముందు కూడా వదలలేదు. మహేశ్వరన్ రోజూ ఫోను చేసి ఏమైనా మాట్లాడిందా అని అడిగేవాడు. జూలై పోయింది. ఆగస్టులో సగం పోయింది.

బుధవారాలలో ఊరిలోని ఒక చిన్న ఆస్పత్రికి మాటలు నేర్పే తమిళ్‌సెల్వి అనే ఆమె వచ్చేది. కృతిక ప్రతి బుధవారం బిడ్డను తీసుకుపోయేది. ఆమె చాలాసేపు బిడ్డతో నేల మీద కూర్చొని ఆడుతూ చూసేది. రెండు మూడు భాషలు కలిసినందువలన పిల్లల మాట ఆగదని, ఆ భయం పెట్టుకోవద్దని మొదటే చెప్పింది. మూడవ బుధవారం చెవులు మూసుకునే సంగతి విని, ఆ స్త్రీల భాష ఏదని అడిగింది. తెలుగని కృతిక చెప్పింది. తమిళ్‌సెల్వి తమిళంలో ఇంకొక ప్రశ్న వేసింది.

“మీ ఇద్దరూ ఏ భాషలో పోట్లాడుకుంటారు?”

తెలుగులోనని కృతిక చెప్పబోయింది. నాలుగేండ్ల మాటలన్నీ ఒక్కసారిగా చెవిలో మోగాయి. ఆ బిడ్డ ఎరిగిన తెలుగు అంతా నిట్టూర్పు, నింద, కన్నీరు. మాటలన్నిటిలో ప్రాణమున్నవి ఆ మాటలే. అవి మాత్రం బిడ్డ వైపు ఎన్నడూ తిరగలేదు. బిడ్డ వైపు తిరిగిన తమిళంలో ప్రాణం లేదు. వాక్కు దైవమని పెద్దలు చెప్పగా విని, ఆ దైవాన్ని పళ్ళ వెనుక బంధించి, ప్రసాదం మాత్రం బిడ్డకు కావాలని ఇన్నాళ్ళూ ఊరూరా మొక్కుకున్నది తానే. తమిళ్‌సెల్వి తప్పెవరిదో తేల్చలేదు. అదొక్కటే కారణమని తానూ చెప్పలేనన్నది. ఏ భాషలో మీకు మాట తడుముకోకుండా వస్తుందో ఆ భాషలోనే బిడ్డ ముఖం చూసి, భయం లేని సంగతులు చెప్పమని మాత్రం చెప్పి పంపింది.

చెప్పడం సులభం కాలేదు. మరునాడు కృతిక బిడ్డకు స్నానం చేయిస్తూ నీళ్ళు వెచ్చగా ఉన్నాయని తెలుగులో చెప్పబోయింది. తనకు తెలియకుండానే గొంతు పడిపోయింది. నీళ్ళను గురించిన మాట కూడా రహస్యంలా వినిపించింది. బిడ్డ చేతులు చెవుల మీదికి పోయాయి. వంటింటిలోనుండి శంకరియమ్మాళ్ అన్నది:

“ఎవురు వింటారని ఈ గుసగుస? నీ ఇంటి ఓనరమ్మ ఈడ తిన్నె మీద కూర్చోనుండాదా?”

కృతిక బిడ్డ ఒళ్ళు తుడిచి లోపలికి తీసుకుపోయింది. మరుసటినాడు మళ్ళీ మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, గుడ్డ చుట్టుతూ, బజారుకు నడుస్తూ కనిపించిన ప్రతి వస్తువు గురించి గట్టిగా చెప్పేది. వీధిలో జనం తిరిగి చూసేవారు. గొంతెత్తినప్పుడల్లా వీపు మీద ఎవరి చూపో పడినట్లు ఉలికిపడి, ఎవరూ లేరని చూసుకొని, మళ్ళీ అందుకొనేది. పది దినాలకు అముదా చేతులు దించింది. ఇంకొక వారానికి తలుపు వెనుకనుండి వచ్చి పాండియమ్మాళ్ యంత్రం పక్కన కూర్చున్నది. పాండియమ్మాళ్ కోపం ఆ క్షణంలోనే పోయింది. దొరసాని అన్న పేరు మాత్రం పోలేదు. కాని మాట రాలేదు. సెప్టెంబరులో కూడా ఆ నాలుగు మాటలు నాలుగుగానే ఉన్నాయి.

నెలాఖరు ఆదివారం ఉదయానికి మహేశ్వరన్ వచ్చాడు. ఆ సాయంత్రం రైలుకే తిరిగి పోవాలి. పోయేలోగా ఇంటి యజమానురాలికి ఏదో ఒకటి చెప్పాలి. శంకరియమ్మాళ్ కావాలనే బజారుకు పోయింది. ముందుగదిలో చాప మీద ఎదురెదురుగా కూర్చొని ఇద్దరూ మొదలుపెట్టారు. అముదా మూలన కట్టుగుడ్డ ముక్కలు మడుస్తూ ఉంది.

ఇక్కడ లిఫ్టులున్న కట్టడాలు వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చునని, మదురైలో పని వెదకాలంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదని అతడు చెప్పాడు. బిడ్డకు ఇక్కడే మాట వస్తుందని నమ్మకమేమిటని కూడా అడిగాడు. రాకపోతే? ఇల్లూ పోయి, పనీ పోయి, మాటా రాకపోతే? కృతిక రాత్రింబవళ్ళు తనను తాను ప్రశ్నించుకున్నదీ అదే.

“ఈ ఇల్లు విడిస్తే ఇంగొక ఇల్లు దొరుకుతాదా? నీకు తెలీనిదా?” అన్నాడతడు.

“దొరకదు మామా. దొరికినా మళ్ళా అట్లనే ఉండల్ల గదా.”

ఎవరు ముందు తగ్గించారో తెలియదు. రెండు గొంతులూ పాత అలవాటున దిగిపోయాయి, తలలు దగ్గరైనాయి, మాటలు పళ్ళ మధ్యకు చేరాయి. కృతిక ఆ సంగతి గ్రహించి మూల వైపు చూసేసరికి అముదా అక్కడ లేదు. చాప మీదికి వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. చెవులు మూసుకోలేదు. తండ్రి గడ్డాన్ని రెండు చేతులా పట్టుకొని ముఖాన్ని తన వైపు తిప్పుకొన్నది.

“నాకు చెప్పు.”

స్పష్టంగానే అన్నది. చివరి అక్షరం మీద కొంచెం తడబడింది, అంతే. కృతిక చేతిని నోటికి అడ్డం పెట్టుకొన్నది. ఏడుపు శబ్దం బిడ్డను బెదరిస్తుందని భయం. మహేశ్వరన్ మామూలు గొంతుతో, వీధిలోకి వినిపించేలా చెప్పాడు. ఎప్పుడూ తమిళంలో అప్పా అని చెప్పుకున్నవాడు, మొదటిసారి తన తండ్రిని తాను పిలిచిన మాటతో తన్ను చెప్పుకున్నాడు.

“నీకే చెప్తా ఉండాను తల్లీ. మెడ్రాసులో మనకొక ఇల్లు ఉండాది గదా. ఆ ఇంట్లో నాయన మెల్లగా మాట్లాడతాడు. ఏమిటికంటే, నాయనకు బయం. అది వద్దని అమ్మ చెప్తా ఉండాది. నాయన కూడా వద్దనే అనుకుంటా ఉండాడు.”

బిడ్డకు ఎంత అర్థమైందో తెలియదు. ఆమె అతని గడ్డం వదలలేదు. అతడు చెప్పుతూనే పోయాడు: లిఫ్టు ఎలా పైకి పోతుందో, తాడు ఎంత లావో, మదురై ఎంత దూరమో. ఆపితే ఏమవుతుందోనన్న భయంతో చెప్పినట్లే ఉంది. మధ్యాహ్నం యజమానురాలికి ఫోను చేసి ఇల్లు ఖాళీ చేస్తామన్నాడు. ఆమె కారణం అడిగినట్లుంది. బిడ్డతో తమ భాషలో మాట్లాడుకోవాలని, తమది తెలుగని తమిళంలో చెప్పాడు. ఇంటి తాళాలు ఎవరికివ్వాలో మాత్రం చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. పని దొరికేదాకా నలుగురు మెకానిక్కులుండే గదిలో సర్దుకుంటానని చెప్పి మహేశ్వరన్ సాయంత్రం రైలెక్కాడు.

సోమవారం అముదా మాట్లాడలేదు. మంగళవారమూ మాట్లాడలేదు. కృతిక బిడ్డ నోటినే చూస్తూ ఉండిపోయింది. అలా చూడవద్దని, ఒక్కటి వచ్చినంత మాత్రాన రెండవది వెంటనే రావాలని లేదని బుధవారం తమిళ్‌సెల్వి చెప్పింది. గురువారం ఉదయం తిన్నె మీద అందరి నడుమ కూర్చొని, గుడ్డ ఎక్కడినుండి వస్తుందో, ఎవరి గాయానికి కడతారో కృతిక బిడ్డకు చెప్పుతూ పిడి తిప్పింది. భర్త పని ఏమవుతుందో తెలియదు, మాట మళ్ళీ వస్తుందో లేదో తెలియదు. అయినా ఆమె గొంతు తగ్గలేదు.