సిగ్నలమ్మ కుడిచెయ్యి

"...పక్కమీద అటు తిరగడానికి కూడా చెయ్యి చాపాలా అని అడుగుతున్నా. ఇది మూడో కళ్ళజోడు."

"చెప్పకుండా తిరిగితే మీకు తగలదూ?"

"చెప్పడం వల్లేగా తగిలింది."

"చెయ్యి కనబడగానే ఆగాలి."

"పడుకుని పేపరు చదువుకుంటున్నవాణ్ణి ఎక్కడ ఆగమంటావ్?"

ఆవిడ తిరగాల్సిన వైపు తిరిగి నిద్రపోయింది. మొగుడుగారు విరిగిన ముక్కలు ఏరుకున్నాడు. చౌరస్తాలో ఆయనది కళ్ళజోళ్ళ షాపు. అందుకని బతికిపోతున్నాడు. షాపుకి అందరికన్నా నమ్మకమైన ఖాతాదారు ఆయనే.

ఆవిడకున్న జబ్బు ఇదొక్కటే. ఎటు తిరగాలన్నా ముందు చెయ్యి చాపుతుంది. సైకిలు మీదయితే ఎవరూ ఏమీ అనుకోరు, ఆవిడ పెళ్ళికి ముందునుంచీ సైకిలు తొక్కే మనిషే. ఈమధ్య వంటింట్లోంచి హాల్లోకి రావడానికీ చాపుతోంది. స్నానాల గదిలోకి తిరగడానికీ చాపుతోంది. రెండు చేతుల్లోనూ గిన్నెలుంటే మోచెయ్యి చాపుతోంది. బ్యాంకులో ఈ వరసలోంచి ఆ వరసలోకి మారుతూ చాపితే, అక్కడున్న పెద్దమనిషి పరిచయం చేసుకుంటోందనుకుని ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆవిడ విడిపించుకుని చక్కా వెళ్ళిపోయింది. క్షమాపణ చెప్పుకున్నది మాత్రం వెంట వెళ్ళిన మొగుడు. వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. సిగ్నలమ్మ.

"వెనకాల లారీ ఏమైనా వస్తోందా?" అన్నాడాయన ఒకరోజు నడవాలో.

"మీరొస్తున్నారుగా."

ఈ జబ్బు మొదలైన రోజుల్లోనే ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. కోడలు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. స్టాఫు బస్సు తీసేశారు. కొడుకు పని ఊరికి అటు చివర, ఈ అమ్మాయిది ఇటు చివర. అత్తగారు తన పాత సైకిలుకి నూనె వేయించి ఇచ్చి, తను ఇంకోటి కొనుక్కుంది. కోడలికి తొక్కడం వచ్చు. రానిదల్లా ఒక చెయ్యి తీయడం. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీస్తే చాలు, సైకిలు పాములా మెలికలు తిరుగుతుంది. అందుకని చెయ్యి చాపకుండానే తిరిగేది. వారం తిరక్కుండానే వ్యాను ఒకటి మడ్‌గార్డు రాసుకుంటూ పోయింది. కోడలు మోచేతికి కట్టుతో ఇంటికొచ్చింది.

"సైకిళ్ళకి వేరే దారి ఉందిగా, ఆకుపచ్చ గీత గీశారుగా," అన్నాడాయన.

గీత నిజమే. ఊరి పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించి మరీ ప్రారంభించారు. మధ్యలో కరెంటు స్తంభం ఉంది. సైకిలు బొమ్మ వేసినచోట బొమ్మ ముందు చక్రం మ్యాన్‌హోల్‌లో ఉంది. మిగతా గీత కార్లు ఆపుకోవడానికి చాలా వీలుగా ఉంది.

"గీత మీదే వెళ్తున్నా మావయ్యగారూ. చౌరస్తా దగ్గర ఎవరిదో కారు అడ్డంగా ఉంది. తప్పించుకోబోయి రోడ్డు మీదికొచ్చా."

"ఎవడో బుద్ధిలేనివాడు," అన్నాడాయన. "అలాంటివాళ్ళకి జరిమానా వేస్తేగానీ తెలిసిరాదు."

కోడలు అత్తగారికేసి చూసింది. అత్తగారు చెయ్యి చాపి వంటింట్లోకి తిరిగింది.

మర్నాడు కోడలు చెప్పేసింది, నెలాఖరుకి ఉద్యోగం మానేస్తానని. ఇష్టపడి చదువుకుని తెచ్చుకున్న ఉద్యోగం. చెప్పేటప్పుడు నేలకేసి చూస్తూ చెప్పింది. అత్తగారు మానమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "నెలాఖరు ఇంకా రాలేదుగా," అంది. ఆ సాయంత్రమే ఇంట్లో చట్టం చేసింది. నడవా ఇరుకు, కూర గిన్నెలతో ఒకరినొకరు గుద్దుకుంటున్నాం, కాబట్టి చెయ్యి చాపనివాళ్ళకి దారి లేదు. కోడలు నవ్వింది. నవ్వుతూనే ఒక చేత్తో గిన్నె పట్టుకుని రెండోది చాపింది. మొదట్లో గిన్నె వణికేది, కూర ఒలికేది. ఆయన చొక్కాలకి అదో రంగు వచ్చింది. ఆయన మాత్రం చచ్చినా చాపనన్నాడు. చాపకపోయినా ఆగక తప్పేది కాదు, ఆగకపోతే కళ్ళజోడు పోతుంది.

పైగా ఆవిడ రోజూ పొద్దున్నే, సరిగ్గా కోడలు బయల్దేరే వేళకి, కూరగాయలకని సైకిలు తీస్తుంది. సంచీ ఖాళీగా పట్టుకెళ్తుంది, ఖాళీగా పట్టుకొస్తుంది. వయసు మీద పడుతోందనుకున్నాడాయన, జాలి కూడా పడ్డాడు.

మూడో కళ్ళజోడు విరిగిన మర్నాడు ఆయన పెందలాడే కారు తీశాడు. కారుకి చోటు వెతికే టైములో షాపుకి నడిచి వెళ్ళి రావచ్చు. కానీ ఆయనకి చోటు వెతికే బాధ లేదు. షాపు ముందు ఆకుపచ్చ గీత ఉంది. రోజూ అక్కడే ఆపుతాడు.

చౌరస్తా దగ్గర ముందు రెండు సైకిళ్ళు అడ్డం. అలవాటు ప్రకారం హారన్ మోగించాడు. వెనక సైకిలు మీది కుడిచెయ్యి భుజం ఎత్తుకి లేచి, కర్రలా నిలబడింది. ఆయన ఆలోచించేలోపే కాలు బ్రేకు తొక్కేసింది. పాత కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. కోడలి సైకిలు ఒంటిచేత్తో, మెలిక లేకుండా, చౌరస్తా మధ్యలోంచి కుడివైపు తిరిగిపోయింది. ముందు సైకిలు మీద ఖాళీ సంచీ ఊగుతోంది.

వెనకాల వాళ్ళంతా హారన్లు కొడుతుంటే ఆయన అక్కడే, షాపు ముందున్న గీతకేసి చూస్తూ కూర్చున్నాడు.

"కూరగాయలు తెచ్చావా?" అన్నాడు సాయంత్రం.

"మర్చిపోయా."

"మార్కెట్ అటు, నువ్వెళ్ళేది ఇటు. మర్చిపోవా మరి?"

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. "చూశారా?"

"హారన్ కొట్టింది నేనే."

"తెలుసు. ఆ హారన్ ఎవరిదో వీధి మొత్తానికి తెలుసు."

"ఏ గ్రౌండులోనో నేర్పచ్చుగా. నా కళ్ళజోళ్ళెందుకు?"

"నేర్పిస్తానంటే బిగుసుకుపోతుంది. వేళాకోళం అనుకుంది కాబట్టి వచ్చేసింది."

"అది తనకి. పక్కమీద నాకేం నేర్పుదామని?"

"ఇవాళ ఆగారుగా."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ రోజు గీత మీద అడ్డంగా ఉన్న కారు..."

"ఎవడో బుద్ధిలేనివాడిది," అందావిడ, మళ్ళీ తరగడం మొదలుపెడుతూ.

కోడలు ఒక చేత్తో పళ్ళేలు పట్టుకుని, రెండో చెయ్యి చాపి నడవాలోకి తిరిగింది. ఆయన గోడకి అంటుకుపోయి దారిచ్చాడు.

"ల్యాబులో చెప్పేశా అత్తయ్యా, మానను. రేపట్నుంచి నేను ముందు వెళ్తా. మీరు నా వెనక."

"మరి నా వెనక?"

"నేనొస్తాను," అన్నాడాయన గోడ దగ్గర్నుంచే. "కారు ఇంట్లో ఉంటుంది. నాక్కూడా ఒక సైకిలు చూడండి."