అచ్చం నాన్న మెడల్ లాంటివే

మా నాన్న గోవిందప్ప తూటాలకు ఎదురెళ్ళిన మనిషి. కానీ టై కట్టుకున్న కుర్రాడెవడైనా వచ్చి "గోవిందప్పగారూ, చిన్న సాయం" అంటే కాదనడం ఆయనకు చేతకాదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఎనభై ఏడులో మన సైన్యం శ్రీలంక వెళ్ళినప్పుడు, జాఫ్నాలో కాల్పుల మధ్య గాయపడ్డ ముగ్గురు జవాన్లను భుజాన వేసుకుని గోడ చాటుకు చేర్చినందుకు నాన్నకు సేనా మెడల్ వచ్చింది. ఆ వెండి బిళ్ళ అంచు మీద ఆయన నంబరూ పేరూ చెక్కి ఉండేవి. పటాలం నుంచి వచ్చేశాక అనంతపురంలో పని దొరక్క మియాపూర్ చేరాం. నాన్న హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు నడిపేవాడు.

కార్గిల్ యుద్ధం ముగిసిన కొత్త రోజులు. ఎక్కడ చూసినా జెండాలే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా సరిచేసే టీము ఒకటి ఆ కంపెనీలో ఉండేది. వాళ్ళకు వీరుల్లాగా మెడల్స్ ఇవ్వాలని మేనేజరు శివశంకర్‌కు బుద్ధి పుట్టింది. నమూనాకని నాన్నది అడిగాడు. నాన్న అమ్మకు కూడా చెప్పకుండా పట్టుకెళ్ళి ఇచ్చేశాడు.

ఫంక్షన్ అయి నెల దాటింది. మెడల్ రాలేదు. అడిగితే "రేపిస్తారంట పాపా" అనేవాడు. డిసెంబరు పదహారు, విజయ్ దివస్ దగ్గరపడింది. ఆ రోజు మాజీ సైనికులంతా మెడల్స్ పెట్టుకుని వరసలో నిలబడతారు. ఇక ఆగలేక నేనే నాన్నను లాక్కుని శివశంకర్ గదికి వెళ్ళాను.

"సారీ తేజస్వినీ, చిన్న కన్‌ఫ్యూజన్ అయింది" అన్నాడు. మెడల్స్ చేసిన షాపువాడు అన్నీ వెండితోనే పోతపోసి, నాన్నదాన్నీ లెక్కలో కలిపేసి, అంచులు అరగదీసి, బంగారు పూత పూశాడట. స్టేజి మీద ముప్పై మందికీ పంచేశారట. నాన్న పేరు ఆకురాయికి పొడైపోయిందన్నమాట.

టీములో ఒక్కొక్కరి కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళాం. అక్కడ తగిలించుకున్న ప్రతి మెడల్‌నూ నాన్న అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఏది నాన్నా?"

"తెలీడంల్యా పాపా."

"తెలీకపోవడమేంది? ఇన్నేళ్ళు పెట్టుకున్నావు కదా!" అని అరిచాను. ఆయన ముఖం చూశాక నాకే ఏడుపొచ్చింది.

"ఏదో ఒకటి తీసుకోండి గోవిందప్పగారూ, అన్నీ సేమే కదా" అన్నాడు శివశంకర్.

సాయంత్రం టీమంతా బస్సెక్కింది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. నాన్న ఇంజను స్టార్ట్ చేయలేదు. సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"అన్నీ ఒకటే అన్న్యాడు సారు. అట్లయితే అన్నీ నాకే ఇయ్యండి. ఇచ్చేదాకా బండి కదల్దు."

మొదట నవ్వారు. తర్వాత బతిమాలారు. శివశంకర్ పరుగెత్తుకొచ్చి "ఇదేంటండీ, స్టాఫ్ ఫీలవుతారు!" అన్నాడు. నాన్న తాళంచెవి జేబులో వేసుకున్నాడు. చివరికి గొణుక్కుంటూ దిగి, పైకెళ్ళి, ఒక్కొక్కరే తెచ్చి నాన్న టిఫిన్ డబ్బాలో పడేశారు. ఆయన కాదనడం నేను చూడటం అదే మొదలు.

ఇంట్లో డబ్బా కుమ్మరిస్తే అమ్మ అన్నీ తిరగేసి చూసి "మనది ఏది?" అంది.

విజయ్ దివస్ పొద్దున నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, ఒక మెడల్ తీసి చేతికిచ్చాను.

"ఏదో ఒకటి పెట్టుకో నాన్నా. ఎవరికి తెలుస్తుంది?"

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్ళీ డబ్బాలో వేశాడు.

"అది కంప్యూటర్ పిల్లోళ్ళదైతే?" అన్నాడు.

ఆ రోజు వరసలో నాన్న ఖాళీ చొక్కాతో నిలబడ్డాడు.