ఊయలలో దాచిన జెర్సీలు

షెరిఫె ఇంటి దండెం మీద ఫుట్‌బాల్ జట్టు జెర్సీ ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు. మొగుడు రెజెప్, అతని తోటివాళ్ళు విడిచిన జెర్సీలన్నీ ఆమే ఉతికేది. కానీ పదకొండు ఎర్ర చొక్కాలు ఒక్కచోట ఆరేస్తే పోలీసులను బొట్టు పెట్టి పిలిచినట్టే కదా! సెర్బ్ సర్కారు అల్బేనియన్ ఆటగాళ్ళను పట్నం స్టేడియంలోంచి గెంటేశాక కొసొవోలో వాళ్ళ లీగు దొంగచాటుగా గొర్రెలు మేసే బీళ్ళలో నడిచింది. ముందటి నెలలో ఒక రిఫరీని పట్టుకుపోయి, చేతివేళ్ళు విరగ్గొట్టి వదిలారు. అప్పటినుంచి కుక్క మొరిగినా షెరిఫె తలుపు సందులోంచి తొంగిచూసేది.

ఆ ఫిబ్రవరి ఉదయం ఆమె జెర్సీలు పిండుతుండగా వాకిట్లో జీపు ఆగింది. ఆమె చేతులు ఆగలేదు. చెక్క ఊయలలోంచి నాలుగు నెలల కూతురు తెవుతాను ఎత్తింది. పలచటి పరుపు కింద తడి జెర్సీలు కుక్కింది. పిల్లను మళ్ళీ పడుకోబెట్టి, ఎప్పటిలాగే పట్టీలతో బిగించి దుప్పటి కప్పింది.

ఇద్దరు పోలీసులు పెట్టెలు తిరగేశారు, పిండి బస్తాలో కర్రతో కెలికారు. ఏమీ దొరక్క గుమ్మం దాకా వెళ్ళారు. అప్పుడు అత్తగారు హనీఫె కొంప ముంచింది. గడప తొక్కినవాడు పగవాడైనా కాఫీ తాగించకుండా పంపి ఎరగదు ఆ ముసలావిడ. వచ్చిన నాలుగు సెర్బ్ ముక్కల్లో అనేసింది:

"కూర్చోండి నాయనా, కాఫీ పెడతాను."

వాళ్ళు తాపీగా కూర్చున్నారు. కింది తడి చలికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"ఏంటమ్మా, పాప అంతలా ఏడుస్తుంటే ఎత్తుకోవా?" అన్నాడు చిన్నవాడు.

"ఎత్తితే అలవాటైపోద్దండీ," అంది షెరిఫె, ఊయల ఊపుతూ.

"భలే తల్లివే!" పెద్దవాడు నవ్వి, ఇంకో కప్పు పోయించుకున్నాడు.

ఏడుపు సన్నబడింది. కాసేపటికి పూర్తిగా ఆగిపోయింది.

జీపు కదిలాక పట్టీలు విప్పితే పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. మూడు వారాలు న్యుమోనియాతో పోరాడి బతికింది. ఉబ్బసం మాత్రం ఉండిపోయింది. "పుట్టుకతోనే వచ్చిందే" అని కూతురికి చెప్పుకుంటూ వచ్చింది షెరిఫె. ఈ సంగతి జట్టులో అందరికీ తెలుసు, తెవుతాకు తప్ప.

యుద్ధం అయింది. స్వతంత్రం వచ్చింది; సగం లోకం ఒప్పుకుంది, సగం ఒప్పుకోలేదు. కొసొవో జట్టును పరాయి దేశపు జట్టుతో ఆడనివ్వడానికి ప్రపంచ ఫుట్‌బాల్ పెద్దలు ఇంకొన్నేళ్ళు నాన్చారు. ఎట్టకేలకు ఆడిన వారం, ఊళ్ళో పాత ఆటగాళ్ళకు సన్మానం చేశారు. ముసలి కెప్టెన్ సొకోల్ మైకు అందుకున్నాడు.

"షెరిఫె వదిన ఆ రోజు పసిపిల్ల కింద జెర్సీలు దాచకపోతే మేమంతా జైల్లో కుళ్ళేవాళ్ళం!"

జనం లేచి చప్పట్లు కొట్టారు. అందరితో పాటు లేచిన తెవుతా చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"ఆ పిల్ల నేనేనా అమ్మా?"

ఇరవై ఏళ్ళుగా షెరిఫె భయపడింది పోలీసులకు కాదు, ఈ ప్రశ్నకే.

"నువ్వే తల్లీ."

"మరి నేను ఏడవలేదా?"

"ఏడ్చావు. నేనే ఎత్తుకోలేదు."