ఎల్డన్ ఎడమ బూటు

ట్రెబన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయింది. ఊరు జట్టును తిట్టింది, కోచ్‌ను తిట్టింది, ఎవరూ మిగలకపోతే వానను తిట్టింది. ఎల్డన్ ష్రామెక్‌కు మాత్రం ఎవరినీ తిట్టే హక్కు లేదు. అతను గొలుసు మనిషి.

అక్కడి ఫుట్‌బాల్ బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివాళ్ల పాలు. ఆ పది గజాలకు కొలత ఒక గొలుసు, దాని రెండు కొసలకూ రెండు కర్రలు. మన వైపు సర్వే అమీన్లు పొలాల వెంట ఈడ్చుకు తిరిగిన గొలుసుకు ఇది చిన్న తమ్ముడు. నేను తిరిగిన దేశాల్లో, చదివిన పుస్తకాల్లో, కొలిచేవాణ్ణి అనుమానించని ఊరంటూ కనపడలేదు. పూర్వం నైలు ఒడ్డున తాళ్లు లాగి పొలాలు కొలిచినవాళ్లను కూడా రైతులు వెనకనుంచి తిట్టుకునే ఉంటారు. నెబ్రాస్కాలోని ఈ ట్రెబన్ ఒక్కటే వేరు. అక్కడ గొలుసు పట్టేది ఊరివాళ్లే. కానీ పట్టినంతసేపూ వాళ్లు ఊరివాళ్లు కారు. చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ఉసూరుమనకూడదు. పైగా నిలబడేది అవతలి జట్టు పక్కన, వాళ్ల కోచ్ మోచెయ్యి తగిలేంత దగ్గరలో.

ఎల్డన్ వృత్తి బోర్లు వేయడం. మనిషి ఎత్తు, మాట పొట్టి. గొలుసు రెండో కొస పట్టే ముసలాయన పోయాక, కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్న నా దగ్గరికి వచ్చాడు.

"నీకీ ఆటంటే ఇష్టమా?"

"లేదు."

"అయితే నువ్వే కావాలి."

అంతే, నా నియామకం అయిపోయింది. ఏడేళ్లు అతనికి పది గజాల దూరంలో నిలబడ్డాను. మనవాళ్లు గెలుపు గీత దగ్గర బంతి జారవిడిచిన రోజున కూడా అతని మొహంలో ఒక్క గీత కదల్లేదు. మింగిందంతా ఇంటికెళ్లి కక్కేవాడు. పెరటి షెడ్డులో పాత బోరు పైపును సుత్తితో బాదేవాడు. మంచం దిగలేని పక్కింటి లూమిర్ ఆ చప్పుడు విని ఫలితం తెలుసుకునేవాడు. చప్పుడు లేకపోతే గెలిచినట్టు. ఆ ఏడు శనివారం శనివారం పైపు మోగుతూనే ఉంది.

"రేడియో దండగ," అనేది ఎల్డన్ భార్య బెర్నీస్. "మా ఆయన ఉన్నాడుగా!"

తొమ్మిదో ఓటమి తర్వాత సోమవారం పొద్దున కాఫీ హోటల్లో మేమిద్దరం కూర్చుని ఉండగా కోచ్ రోజర్ హుబ్కా వచ్చాడు. ఒకప్పుడు అదే జట్టుకు కెప్టెన్, ఎల్డన్ కళ్లముందు పెరిగినవాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"పెద్దాయనా, చెవికి మిషన్ ఎందుకు పెట్టుకోవు?"

ఎల్డన్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏంటీ?"

"ఇదిగో, ఇదే! నీ చెవులు పోయాయి, నా సీజన్ పోయింది!"

"నా చెవులకీ నీ ఆటకీ ఏంట్రా సంబంధం?"

రోజర్ నాలుక కరుచుకున్నాడు. కానీ ఎల్డన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చివరికి రోజర్ గొంతు పెంచి కక్కేశాడు. "వాళ్ల కోచ్ ఏదన్నా దొంగెత్తు గొణిగితే నీ ఎడమ బూటు గడ్డిని తంతుంది. నీకు తెలీదు. నా ముందు కెప్టెన్ నాకు చెప్పాడు, నేను నా తర్వాతవాడికి చెప్పాను. ఇన్నేళ్లూ బూటు చూసే కాచుకున్నాం. ఈ ఏడు నీకు వినపడదు, బూటు కదలదు, ప్రతివాడూ మమ్మల్ని వెర్రివాళ్లని చేసి పోతున్నాడు."

హోటలంతా వింది. ఎల్డన్ మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. నా వైపు తిరిగాడు. "నువ్వు చూశావా?"

"నేను గొలుసునే చూస్తాను."

"మంచిది," అని లేచి, కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఇక గొలుసు ముట్టుకోడనుకున్నాను. శుక్రవారం ఇంటికి పిలిచాడు. బెర్నీస్ ఎప్పుడో కొనిపెట్టిన చెవి మిషన్ పెట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు.

"వినకుండా నిలబడితే నీ గొడవ తీరిపోతుందిగా?" అన్నాను.

"చెవిటివాడు మాట దాచుకుంటే గొప్పేముంది? రేపు ప్రతి ముక్కా వింటా. కాలు కదిలిందా, ఈ జన్మకి మళ్లీ కర్ర పట్టను."

"కాలు సిమెంటులో పాతుకోవయ్యా," అంది బెర్నీస్ వంటింట్లోంచి. "తీరిపోతుంది."

చివరి ఆట హోల్‌కంబ్ కాలేజీతో. ఆశ్చర్యం, మనవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. ఆట అయిపోవస్తోంది. హోల్‌కంబ్ మూడు ప్రయత్నాలు ఎక్కడికక్కడే ఆగిపోయాయి. అలాంటప్పుడు నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు ఇచ్చేయడం మామూలు. దాన్ని అందుకోవడానికి మనవాళ్లు వెనక్కి తిరిగి పరుగెత్తాలి. వాళ్ల కోచ్ తన్నేవాడి మెడ పట్టి దగ్గరికి లాక్కుని ఏదో గొణిగాడు. ఆ గొణుగుడు నా దాకా రాలేదు. ఎల్డన్ దాకా వచ్చింది.

ఆ రోజు మాత్రం నేను గొలుసును చూడలేదు, బూటును చూశాను. అది భూమిలో దిగేసినట్టుంది. కర్ర మీద అతని వేళ్లు తెల్లబడ్డాయి. చలిలో కూడా ముక్కు మీద చెమట. ఇంకొక్క మాట వింటే తట్టుకోలేననుకున్నాడేమో, మెల్లిగా చెయ్యెత్తి, చెవి మిషన్ పీకి జేబులో వేసుకున్నాడు.

మైదానం నడుమనుంచి మన కెప్టెన్ అలవాటు కొద్దీ అతని వైపే చూస్తున్నాడు.

"ఆగండ్రా!" అని పొలికేక పెట్టాడు. "ఎవడూ వెనక్కి పోవద్దు! వీడు తన్నడు!"

నిజంగానే తన్నలేదు. బంతి చంకన పెట్టుకుని పరుగు తీశాడు. నాలుగడుగులు వేయకముందే నలుగురు మీద పడ్డారు. బంతి మనది, మిగిలిన ఆట మనది, గెలుపు మనది.

జనం గోడ దూకి మైదానంలోకి వచ్చేశారు. గసగసాలు కూరిన కొలాచీ రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని బెర్నీస్ చిందులేసింది. రోజర్ పరుగెత్తుకొచ్చి ఎల్డన్‌ను కావలించుకున్నాడు.

"బతికించావు పెద్దాయనా!"

"కాలు కదపలేదురా!"

"లేదు, లేదు," రోజర్ కన్ను గీటాడు. "నీ కాలికేం, బంగారం. ఈసారి చెవితో చెప్పావు."

మిషన్ జేబులోనే ఉంది. ఎల్డన్‌కు వినపడలేదు. నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు వీడు?" అన్నాడు.

నేను వేలితో నా చెవి చూపించాను. అతని చెయ్యి జేబు మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది. కాసేపటికి కర్ర నా చేతిలో పెట్టాడు. బెర్నీస్ అందించిన రొట్టె ముట్టలేదు. అరుస్తున్న జనం మధ్యనుంచి, ఎవరి చెయ్యీ తగలనివ్వకుండా, ఇంటి దారి పట్టాడు.

గెలుపు కబురు లూమిర్‌కు నేనే చెబుదామని ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం దాటకముందే గోడవతల పైపు మోగడం మొదలైంది. ఎన్నడూ లేనంత గట్టిగా.

లూమిర్ మంచం మీద మొహం గోడకు తిప్పుకున్నాడు. "అయ్యో," అన్నాడు. "ఇదీ పోయిందా?"