బకెట్టమ్మ మనస్సాక్షి

ప్రసూతి ఆసుపత్రిలో ఆమెను అందరూ బకెట్టమ్మ అనేవారు. ఆపరేషన్ గది కడగడం, నెత్తుటి గుడ్డలు ఉతకడం, గర్భం తీయించుకున్నవాళ్ల మంచం పక్క నిండిన బకెట్టు మోసుకెళ్లి పారబోయడం ఆమె పని. తనకు మాత్రం ఒక్క కడుపూ కాన్పు దాకా నిలవలేదు. ఆ బకెట్టు మోసిన రోజు ముద్ద దిగేది కాదు.

ఒక ఏడాది డాక్టరమ్మ తన మనస్సాక్షి ఒప్పుకోదంటూ గర్భస్రావాలు చేయడం మానేసింది. అలా మానుకునే హక్కు డాక్టర్లకీ నర్సులకీ ఉందట. హెడ్ నర్సూ ఆమె వెనకే నడిచింది. వారానికోసారి బయటినుంచి ఒక డాక్టరు వచ్చి, గబగబా పని ముగించుకుని కారెక్కేవాడు.

బకెట్టమ్మ కూడా ధైర్యం చేసి డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, నాకూ మనసొప్పడం లేదు. వేరే వార్డులో వెయ్యండి."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. "చీపురుకి మనస్సాక్షేంటే? పోయి పని చూసుకో."

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట!" అంది హెడ్ నర్సు.

ఆ మంటంతా బకెట్టమ్మ మంచాల మీద పడి ఉన్నవాళ్ల మీద చూపించేది. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే?" అనేది. మంచినీళ్లు అడిగితే చెవుడు నటించేది.

ఒక మధ్యాహ్నం బయటి డాక్టరు వెళ్లిపోయాక, కాలేజీ పిల్ల ఒకతి మంచం మీద నుంచి పిలిచింది.

"ఆయమ్మా, కిందంతా తడిగా ఉంది. కళ్లు తిరుగుతున్నాయి."

"సిస్టర్‌కి చెప్పుకో," అంది బకెట్టమ్మ, వరండా తుడుస్తూనే.

వరండాలో కూర్చున్న హెడ్ నర్సు ఆ మాట విన్నది. "ఆ పనిలో నేను వేలు పెట్టను," అని టీ కప్పు అందుకుంది.

పిల్ల గొంతు సన్నబడింది. "ఆయమ్మా..." అని మళ్లీ పిలిచింది. బకెట్టమ్మ తడిగుడ్డ పిండుకుని వరండా ఆ చివరికి పోయింది. తిరిగి గది తుడవడానికి వచ్చేసరికి నెత్తురు పరుపు తడిపి నేల మీదికి కారుతోంది. పిల్ల చెయ్యి చల్లబడిపోయింది.

డాక్టరమ్మా, హెడ్ నర్సూ తమ హక్కు వాడుకున్నారని విచారణలో తేల్చారు. పిలుపు వినపడిందా అని వాళ్లనెవరూ అడగలేదు. బకెట్టమ్మది నిర్లక్ష్యమన్నారు, ఉద్యోగం పీకేశారు.

గేటు దగ్గర ఆ పిల్ల తల్లి అడ్డు పడింది. "అక్కా, నా బిడ్డ ఆఖర్న ఎవర్నైనా పిలిచిందా?"

"నన్నే పిలిచింది. నేనే పోలేదు."

తల్లి చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. బకెట్టమ్మ మొహం తిప్పుకోలేదు. వాచ్‌మన్ వచ్చి బకెట్టమ్మను బయటికి తోసి గేటు మూశాడు.

మర్నాడు ఇంకో ఆసుపత్రికి పని అడగడానికి వెళ్లింది. ఆమె కబురు అప్పటికే అక్కడికి చేరింది.